సొరకాయ కోస్తున్న సుశ్రుతుడు

మా షెడ్డులో ఋషులందరిదీ ఒకటే మొహం.

మా నాన్న చేసిపెట్టి పోయిన అచ్చు అది. రెండు చెక్కలుగా ఉంటుంది, ముందుభాగం ఒకటి, వీపుభాగం ఒకటి. లోపల నూనె పట్టించి, బోల్టులు బిగించి, సిమెంటు పోసి, గట్టిపడ్డాక విప్పితే ముని బయటికొస్తాడు. బొడ్డుదాకా గడ్డం, మూసిన కళ్లు, దీవిస్తున్న కుడిచెయ్యి. ఎడమచేతిలో ఏది పెడితే ఆ ముని. కమండలం పెడితే తపస్సు చేసే ముని, తాటాకులు పెడితే చదువు చెప్పే ముని, మొక్క పెడితే వైద్యం చేసే ముని. అచ్చులో ఒకచోట పెచ్చు ఊడిపోయింది, అందుకని మా మునులందరికీ ఎడమ చెవితమ్మె మీద బుడిపె ఉంటుంది. పార్కుల్లో చూడండి, అపార్ట్‌మెంటు గేట్ల దగ్గర చూడండి. బుడిపె కనపడిందా, మా సరుకే.

కళ్లు ఎందుకు మూశావని చిన్నప్పుడు నాన్నని అడిగితే ధ్యానం అన్నాడు. అసలు సంగతి మా మరదలు చెప్పింది. తమ్ముడి భార్య, బొమ్మలకి రంగులేసేది ఆవిడే.

“ధ్యానం లేదు, పాడూ లేదు బావగారూ. కళ్లు తెరిస్తే తెల్లగుడ్డు, నల్లపాప, మెరుపుచుక్క, పైరెప్ప, కిందిరెప్ప, ఇంత చాకిరీ. మూస్తే రెండు గీతలు. మావయ్యగారు తెలివైన మనిషి.”

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనటం మర్యాదకి. మాన్పించారు. సిమెంటు సంచులు మొయ్యటానికి మనిషి కావాల్సొచ్చింది. తమ్ముడు డిగ్రీ దాకా చదివాడు, ఎందుకంటే వాడి వంతు వచ్చేసరికి సంచులు మొయ్యటానికి నేను ఉన్నాను. ఇప్పుడు వాడు చొక్కా నలక్కుండా ఆర్డర్లు పట్టుకొస్తాడు, నేను అచ్చు బిగిస్తాను. ఈ మాట ఎత్తితే “మళ్లీ మొదలెట్టావా అన్నయ్యా” అంటాడు. మళ్లీ ఏంటి, నేను ఆపిందెప్పుడు.

మొన్నామధ్య పెద్ద ఆర్డరు తెచ్చాడు. కొత్తగా కట్టిన ఆయుర్వేద ఆసుపత్రి, దానికి ఆనుకుని కాలేజీ. ఒక్కో విభాగం గుమ్మం దగ్గర ఒక్కో విగ్రహం పెడతారట. ఆత్రేయుడు, అగ్నివేశుడు, చరకుడు, భరద్వాజుడు, ధన్వంతరి, ఆపరేషన్ల విభాగం ముందు సుశ్రుతుడు.

“ధన్వంతరి దేవుడు కదరా. గడ్డం ఉండదు” అన్నాను.

“పోశాక గీకేద్దాం.”

“మిగతావాళ్లు?”

“వాళ్లకేం, మొక్క. ఒకడికి కుడివైపు ఆకులు ఎక్కువ, ఒకడికి ఎడమవైపు. కింద పేరు రాస్తాం. చదువుకున్నవాళ్లు చదువుకుంటారు.”

చదువుకోనివాడు ఇంకేం అంటాడులే అన్నట్టు నా మొహం చూసి వాడు ఫోనులో పడ్డాడు.

దిమ్మెల కొలతలు తీసుకోవటానికి ఆసుపత్రికి నేనే వెళ్లాను. రంగుల వాసన ఇంకా పోని వరండా. టేపు పట్టుకుని ఒక గది ముందు వంగి ఉంటే, లోపల్నుంచి ఆడమనిషి గొంతు వినపడింది. “లోతు, లోతు. నేను తొక్క కొయ్యమన్నాను. నువ్వు మనిషిని చంపేశావు.”

తొంగి చూశాను. పొడవాటి బల్లల చుట్టూ తెల్లకోట్ల పిల్లలు. ఒక్కొక్కళ్ల ముందు ఒక్కో సొరకాయ. చిన్న చిన్న కత్తులు పట్టుకుని ఊపిరి బిగబట్టి గాట్లు పెడుతున్నారు. ఆ గొంతు వాళ్ల సర్జరీ మేడమ్‌ది. నలభై అయిదు దాటి ఉంటాయి, కొంగు నడుముకి దోపి, చేతులకి రబ్బరు తొడుగులు.

నవ్వొచ్చింది నాకు. ఆవిడ బయటికి రాగానే అన్నాను. “ఏంటమ్మా, క్యాంటీన్ వాళ్లు రాలేదా?”

ఆవిడకి కోపం రాలేదు. “ఇది సుశ్రుతుడి పద్ధతండీ. మనిషి ఒంటి మీద కత్తి పెట్టేముందు సొరకాయ మీద, దోసకాయ మీద చెయ్యి సాధించమన్నాడు. నరం కొయ్యటం తామరతూడు మీద. కట్లు కట్టటం గుడ్డతో చేసిన బొమ్మమీద. మావాళ్లు ఇది ఎప్పుడో వదిలేశారు. నేను మళ్లీ మొదలుపెట్టాను.”

“ఎప్పటి మనిషి ఆయన?”

“రెండువేల ఏళ్ల పైమాటే. ఇంకా వెనక్కి తోసేవాళ్లూ ఉన్నారు. తెగిన చెవితమ్మె అతికించే దారులు చెప్పాడు. ముక్కు పోయినవాళ్లకి చెంప చర్మం తీసి ముక్కు కట్టటం చెప్పాడు.”

“మరి ధ్యానం?”

“అది ఎప్పుడు చేసేవాడో నాకు తెలీదు. కోసేటప్పుడు మాత్రం చేసి ఉండడు.”

ఆవిడ మాటకారి. నేను కొలతలు తీసుకుంటుంటే పక్కన నిలబడి ఇంకా చెప్పింది. రోగం ఎక్కణ్ణించి పుడుతుందని అడిగితే ఋషులంతా ఒకచోట చేరి వాదించుకున్నారట. తల్లిదండ్రుల నుంచి అని ఒకరు, కర్మ అని ఒకరు, కాలం అని ఇంకొకరు. ఒకడి మాట ఒకడు కొట్టిపారేస్తుంటే ఆత్రేయుడు మధ్యలో కూర్చుని, మీ పంతాలు ఆపండి అన్నాడట. ఆయన శిష్యులు ఆరుగురూ ఒకే పాఠం విని, ఎవరి గ్రంథం వాళ్లు రాశారట. అడవిలో మేకలు కాసేవాళ్లకి మొక్కలు తెలుసు, పోయి వాళ్లని అడగండి అని చెప్పటానికి చరకుడు నామోషీ పడలేదట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. యాభై ఏళ్లొచ్చాయి నాకు. ఇన్నేళ్లూ పోసిన మునులందరూ మా నాన్న చేసిన ఒక్క మునే. ఆయన మొహానికి నేను సిమెంటు అందించాను, అంతే. అక్కడ పెట్టేది ఆరుగుర్ని, ఎవరి తీరు వాళ్లది. వంగి కోసినవాడొకడు, గొడవపడ్డవాడొకడు, కాపరుల వెంట తిరిగినవాడొకడు. వాళ్లందరికీ ఒకటే గడ్డం తగిలించి, కళ్లు మూసి, చెవి మీద బుడిపె పెట్టి నిలబెడతాం. పైగా నమస్కారం పెట్టమంటాం.

షెడ్డులో దిగీదిగగానే తమ్ముడితో అన్నాను. “సుశ్రుతుణ్ణి అచ్చులో పొయ్యను. చేత్తో కడతాను.”

“ఎండ తగిలిందా అన్నయ్యా?”

“వాళ్లు ఒప్పుకుంటే మిగతా అయిదుగుర్నీ చేత్తోనే కడతాను. అచ్చు అటక మీదకి పోవాలి.”

“ఒప్పుకోకపోతే?”

“ఇక నోరెత్తను. నువ్వు ఏ మునిని పొయ్యమంటే ఆ మునిని పోస్తాను. చచ్చేదాకా.”

వాడు ఫోను కింద పెట్టాడు. “ఆ చివరి మాట మా ఆవిడ ముందు ఇంకోసారి అను. సాక్ష్యం ఉండాలి.”

మరదలు కుంచె కడుక్కుంటూ తలెత్తలేదు. “నేను విన్నాలెండి. కానీ బావగారి మాటకి సాక్ష్యం ఉండి మాత్రం ఏం లాభం.”

మొదలుపెట్టాను. ఇనపచువ్వలు వంచి అస్థిపంజరం కట్టాను. నిటారుగా కాదు, నడుము దగ్గర ముందుకి వంచి, మెడ ఇంకాస్త వంచి. చువ్వల మీద సన్నటి ఇనపవల చుట్టి, సిమెంటు ముద్దలు విసిరి కొట్టి, తాపీతో కండ పెట్టుకుంటూ వచ్చాను. ముందు ఒక బల్ల. బల్ల మీద సొరకాయ. దాని తొక్క నునుపు, గాటు పడ్డచోట తెల్లటి కండ, గింజలు కొంచెం కనపడీ కనపడకుండా. అది కుదరటానికి బజారు నుంచి కాయలు తెచ్చి కోసి చూసుకునేవాణ్ణి. మధ్యాహ్నం సొరకాయ, సాయంత్రం సొరకాయ. ఇంటిల్లిపాదీ నా మీద పళ్లు నూరారు.

గడ్డం దగ్గర చాలాసేపు ఆలోచించాను. పని చేసుకునేవాడు గడ్డం కోతలోకి వేలాడేసుకోడు. తీసి పక్కకి ముడేశాను.

తమ్ముడు వచ్చి చూశాడు. “గడ్డానికి ముడేంటి అన్నయ్యా. ఋషా, వంటమాస్టరా?”

“పనోడు.”

“పనోణ్ణి ఎవడైనా దిమ్మె మీద పెడతాడా?”

ఆ మాట వాడు నన్ను ఉద్దేశించి అనలేదు. నాకు తగలాల్సినచోటే తగిలింది.

కళ్లు మరదలు వేసింది. రెండుసార్లు తుడిచి మూడోసారి వేసింది. చూపు చేతుల మీద ఉండాలి, ఎదుటివాడి మీద కాదు. “ఇదిగో బావగారూ, ఈయన నన్ను పట్టించుకోవటం లేదు, చూడండి” అంది. అచ్చం అలాగే ఉంది. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆయనకి సొరకాయే లోకం.

విగ్రహాన్ని ట్రాలీలో గడ్డి పరిచి తీసుకెళ్లాం. దింపి దిమ్మె మీద ఇంకా నిలబెట్టకముందే ఆసుపత్రి చైర్మన్ గారు వచ్చారు. తెల్లబట్టలు, మెత్తటి మాట. వెనక సర్జరీ మేడమ్, ఇంకా ఎవరెవరో. ఆయన చుట్టూ ఒకసారి తిరిగారు. తలూపారు. నా గుండె కాస్త కుదుటపడింది.

“పనితనం బాగుంది” అన్నారు. “ఈ కూరగాయ ఏంటి?”

“సొరకాయండి.”

“సొరకాయని తెలుస్తోంది. ఇక్కడెందుకుంది?”

చెప్పాను. తొక్క మీద చెయ్యి సాధించటం, అదీ ఇదీ, మేడమ్ చెప్పినవన్నీ. ఆయన ఓపిగ్గా విన్నారు.

“నిజమే, నేనూ చదివాను. కానీ చూడండి, మన ఋషులు దివ్యదృష్టితో చూసి చెప్పారు. ఇలా కూరలు కోసి నేర్చుకున్నట్టు పెడితే జనానికి చులకన.”

“దివ్యదృష్టి ఉంటే సొరకాయతో పనేంటండి?” అన్నాను.

తమ్ముడు నా చొక్కా వెనక నుంచి లాగాడు. నేను ఆగలేదు.

“ఆయన కూర్చుని, కోసి, తప్పు కోసి, మళ్లీ కోసి నేర్చుకున్నాడు. నేర్పాడు. మీరేమో వరం అంటారు. చెమట పట్టినవాడి మొహం తుడిచేసి, వీడికి చెమటే పట్టదు అని చాటింపేసినట్టుంది. అది మర్యాద కాదండి. ముందు మనిషిని దేవుణ్ణి చేస్తారు. ఆ తర్వాత చేతులు కనపడకుండా శాలువా కప్పుతారు.”

చైర్మన్ గారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. “మీ ఆవేశం నాకర్థమైంది. నా బాధ కూడా వినండి. ఈ గుమ్మంలోంచి లోపలికి పోయేవాడు భయంతో పోతాడు. వాడికి ఎదురుగా కత్తి పట్టుకున్నవాడు కనపడితే కాళ్లు వణుకుతాయి. కళ్లు మూసుకుని దీవించే చెయ్యి కనపడితే ధైర్యం వస్తుంది.”

ఆ మాటలో నిజముంది. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

“కళ్లు మూసుకుని కోసేవాడి ముందు మీరు పడుకుంటారా?” అన్నాను.

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చారు. ఆయన మేడమ్ వైపు తిరిగారు. “మీరేమంటారు డాక్టరుగారూ? ఇది మీ గుమ్మం.”

ఆవిడ నన్ను చూసింది, విగ్రహం చేతుల్ని చూసింది, చాలాసేపు చేతుల్నే చూసింది. “పద్ధతి నిజమే సార్. విగ్రహం సంగతి మీ ఇష్టం.”

అయిపోయింది. బస్సంత పొడుగు మాటలు చెప్పిన మనిషి, మాట అవసరమైనచోట నాలుక మడతేసింది.

తమ్ముడు అందుకున్నాడు. “ఏం పర్లేదు సార్. సొరకాయ తీసేసి అక్కడ ఆకులు పెడతాం. పుట్టీతో కళ్లు మూసేస్తాం, రెండు గీతలు, అంతే. సాయంత్రానికి ఋషి అయిపోతాడు.” అప్పటికే వాడి చేతిలో పుట్టీ డబ్బా ఉంది. ముందే తెచ్చుకున్నాడు, వెధవ.

నేను వాడికీ విగ్రహానికీ మధ్య నిలబడ్డాను.

“అన్నయ్యా, మాటిచ్చావు.”

“ఇచ్చాను.”

“ఒప్పుకోకపోతే నోరెత్తనన్నావు. చచ్చేదాకా అన్నావు.”

“అన్నాను. ఇప్పుడు తప్పుతున్నాను. ఈయన కళ్లు నేను మూయను, నిన్ను మూయనివ్వను. మీకు కళ్లు మూసుకున్నవాడు కావాలంటే అచ్చు ఉంది, పోసుకో. దానికి నేను అక్కర్లేదు. ఇన్నేళ్లూ అక్కర్లేదు, అవసరమని నువ్వూ నేనూ అనుకున్నాం అంతే.”

“ఇంతమందిలో పరువు తీస్తున్నావు.”

“పరువు నీది. బొమ్మ నాది.”

ట్రాలీవాడు నేనూ కలిసి విగ్రహాన్ని మళ్లీ గడ్డిలోకి ఎత్తాం. తమ్ముడు చెయ్యి వెయ్యలేదు. చైర్మన్ గారు వాచీ చూసుకుంటూ, మిగతా విగ్రహాలు అనుకున్న రోజుకి వస్తాయి కదా అని వాణ్ణి అడుగుతున్నారు. వస్తాయి సార్, అంటున్నాడు వాడు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవే అయింది. వాడు సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీద అడ్డంగా గీత గీశాడు. అటుపక్క అచ్చు, మిక్సరు, కుళాయి. ఇటుపక్క నేను.

“కుళాయి నీ వైపు పెట్టుకున్నావేంట్రా?”

“చేత్తో చేసేవాడివి, చేత్తో మోసుకో నీళ్లు.”

మరదలు గీత మీద కాలేసి నిలబడి, “నేను ఏ వైపో ఎవరైనా చెప్తారా, లేక అడ్డంగా కొయ్యాలా” అంది. ఆవిడే రంగుల పెట్టె తెచ్చి గీత మీద పెట్టుకుంది.

సుశ్రుతుణ్ణి షెడ్డు ముందు, రోడ్డువార దింపించాను. పొద్దున్నే ఒకావిడ సంచీ పట్టుకుని ఆగి, “లేతవి ఉన్నాయా బాబూ?” అని అడిగింది. తమ్ముడు అటుపక్క నుంచి పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ వాడికి కనపడనివ్వలేదు. వాడు కూలికి ఒక మనిషిని పెట్టుకుని మునుల్ని పోస్తున్నాడు. ఒకడు ఆరుతుంటే ఇంకొకడు గడ్డకడుతున్నాడు. నాకు పని లేదు. ఎవడొచ్చి అడుగుతాడు, సొరకాయ కోసే ఋషి ఒకటి కావాలని.

అలా ఉండగా ఒకరోజు ఆసుపత్రి వదిలిన వేళకి స్కూటరు ఆగింది. సర్జరీ మేడమ్. నేను లేవలేదు. చువ్వకి పట్టిన తుప్పు గీకుతూ కూర్చున్నాను.

ఆవిడ విగ్రహం ముందు నిలబడింది. వంగింది. చేతుల దగ్గరకి మొహం పెట్టి చూసింది.

“కత్తి తప్పు పట్టుకున్నాడు” అంది.

“ఏంటీ?”

“వంటింట్లో కత్తి పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇలా పట్టుకుంటే తొక్క ఆగదు, లోపలికి దిగిపోతుంది. సన్నటి గాటు పెట్టేవాడు కలం పట్టుకున్నట్టు పట్టుకోవాలి. చూపుడువేలు పైన, చిటికెనవేలు కాయకి ఆనించి. ఎడమ బొటనవేలు కూడా కోతకి అడ్డంగా ఉంది. ఆ బొటనవేలు ఈపాటికి తెగి పడాలి.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆ రోజు అంతమందిలో నోరు పెగల్లేదు. ఈరోజు తప్పులు పట్టటానికి స్కూటరేసుకుని వచ్చారా?”

“ఆ రోజే చూశాను. అక్కడ చెబితే వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టయ్యేది. బొమ్మే తప్పు, తీసిపారెయ్ అనేవాళ్లు.”

“ఒప్పు అనైనా అనొచ్చుగా.”

“అనాల్సింది” అంది. “భయపడ్డాను. ఆ సొరకాయల క్లాసు కూడా ఆయన దయమీదే నడుస్తోంది.”

అంతకంటే సంజాయిషీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. నీళ్లు నమిలే మనిషైతే పంపించేసేవాణ్ణి.

అటుపక్క నుంచి తమ్ముడు మా మాటలు వింటూనే ఉన్నాడు. “వదిలెయ్ అన్నయ్యా” అన్నాడు. గొంతులో వెటకారం లేదు ఈసారి. “ఎవడూ కొనని బొమ్మకి వేలు ఎలా ఉంటే ఏంటి. రేపట్నుంచి ఇటు రా. అయిదోవాణ్ణి నువ్వే పొయ్యి. గీత చెరిపేస్తాను.”

వాడు మంచిగానే అన్నాడు. అచ్చు తెరిచి ఉంది, నూనె పట్టించి మిలమిలలాడుతోంది. ఒక్క అడుగు వేస్తే కుళాయి కూడా నాదే.

నేను సుత్తి, ఉలి తీసుకున్నాను. సుశ్రుతుడి కుడిచేతి వేళ్ల మీద ఉలి ఆనించి ఒక్కటి వేశాను. కత్తితో సహా వేళ్లు ఊడి కింద పడ్డాయి, లోపలి చువ్వలు బయటికొచ్చాయి. తమ్ముడు “అయ్యో” అన్నాడు, వాడికే తగిలినట్టు. ఎడమ బొటనవేలు కూడా తీసేశాను. రెండువేల ఏళ్ల నాడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎన్ని కాయలు పాడుచేసి పారేసి ఉంటారు. నా వేళ్లు ఒక లెక్కా.

“అయిదోవాణ్ణి నువ్వే పోసుకో” అన్నాను తమ్ముడితో. “ఈయన అయ్యాక నేను ఆత్రేయుణ్ణి కడతాను. ఆయనొక్కణ్ణే కాదు, చుట్టూ పోట్లాడుకునేవాళ్లని కూడా. నోళ్లు తెరిచి.”

“ఎవరిక్కావాలి అన్నయ్యా ఆ గోల?”

“నాక్కావాలి.”

వాడు తలకొట్టుకుని మిక్సరు తిప్పాడు. నేను బకెట్టు పట్టుకుని గీత దాటి, వాడి కుళాయి కింద నీళ్లు పట్టుకొచ్చుకున్నాను. వాడు వద్దనలేదు, చూడనట్టు నటించాడు.

మేడమ్ వెళ్లబోతోంది. “ఎక్కడికి?” అన్నాను. సిమెంటు సంచీ ఒకటి దులిపి కూర్చోమని చూపించి, ఆవిడ చేతిలో నా చిన్న తాపీ పెట్టాను. “పట్టుకుని చూపించండి. నోటితో చెబితే నాకెక్కదు.”

ఆవిడ హ్యాండుబ్యాగు పక్కన పెట్టి, గాల్లో లేని సొరకాయ మీద చెయ్యి ఆనించి, తాపీని కలంలా పట్టుకుంది. చిటికెనవేలు కింద, చూపుడువేలు పైన. మణికట్టు కొంచెం పక్కకి వంగింది. ఆ వంపు నాకెప్పుడూ తట్టలేదు. చువ్వని పటకారుతో పట్టుకుని అలాగే వంచటం మొదలుపెట్టాను.

“కదపకండి మేడమ్.”

“చెయ్యి లాగుతోందండీ.”

“లాగనివ్వండి” అన్నాను.